దారి అడగండి: ఈ నెల డోర్సెట్ ఉత్తరాలు

పోయిన నెల ఈ పేజీలో డోర్సెట్ గురించి నాలుగు ముక్కలు రాస్తే ఉత్తరాలు బాగానే వచ్చిపడ్డాయి. సగం మంది అడిగింది ఒకటే: సముద్రపు ఒడ్డున ఉన్న డర్డిల్ డోర్ అనే రాతి తోరణం దగ్గర ఫొటో ఎక్కడ నిలబడి దిగాలని. అది మొదటి జవాబులోనే చెప్పేస్తున్నాను. మిగతా పేజీ మిగతా డోర్సెట్‌కి.

తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో హాంప్‌షైర్‌కీ డెవన్‌కీ మధ్య ఉన్న కౌంటీ ఇది. ఒక్క మోటార్‌వే కూడా లేదు. నేను భీమిలిలో పుట్టి, పెళ్లయ్యాక వచ్చి, ఇక్కడి వేర్‌హమ్ ఊళ్లో స్థిరపడ్డాను. సెలవు రోజుల్లో బీడు భూముల్లో పాముల లెక్కకి వెళ్తుంటాను. ఆ సంగతి కిందెక్కడో వస్తుంది, భయపడకండి.

ప్రశ్న: నమస్తే అండీ. మా అబ్బాయి బోర్న్‌మత్‌లో ఎంఎస్ చేస్తున్నాడు. జులైలో వెళ్లి నెల రోజులు ఉంటాం. నాకు మోకాళ్ల నొప్పులు, మావారికి బైపాస్ అయింది. డర్డిల్ డోర్ చూపిస్తానని వాడు ఒకటే గొడవ. మెట్లు ఎక్కువని విన్నాం. మేం వెళ్లగలమా? మా తిరుమల శిలాతోరణం కంటే గొప్పదా అది?
– ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: వెళ్లండి అక్కయ్యగారూ, కానీ కిందికి దిగొద్దు.

కారు ఆపే చోటు కొండ మీద ఉంటుంది. అక్కణ్నుంచి కంకర దారి బాగా వాలుగా కిందికి పోతుంది, చివర మెట్లు. దిగేటప్పుడు ఏమీ అనిపించదు. ఎక్కేటప్పుడు మీవారి గుండె మీద ఆ బరువంతా పడుతుంది. దారిలో కొంత దూరం దిగగానే తోరణం మొత్తం కనబడుతుంది. అందరి ఫోన్లలో ఉన్న ఫొటో అక్కడిదే, దాని కోసం ఇసుక దాకా పోనక్కర్లేదు. మీ అబ్బాయిని కిందికి పంపండి, మీరు పైనుంచి చెయ్యి ఊపండి. జులైలో పొద్దున పది దాటితే కార్లకి చోటు దొరకదు. సాయంత్రం అయిదు తర్వాత వెళ్లండి, తొమ్మిది దాకా వెలుతురు ఉంటుంది.

శిలాతోరణంతో పోటీ నన్ను పెట్టమనకండి. మంగమారిపేట దగ్గర సముద్రపొడ్డున ఉన్న చిన్న తోరణాన్ని చూస్తూ పెరిగినదాన్ని, నాకు పక్షపాతం ఉంటుంది. కానీ డర్డిల్ డోర్ ఎలా పుట్టిందో తెలిస్తే మీరు ఇంకాసేపు నిలబడతారు. ఆఫ్రికా పలక వచ్చి యూరప్‌ను నెట్టినప్పుడు ఆల్ప్స్ పర్వతాలు లేచాయి. ఆ తోపు ఇక్కడిదాకా తగిలి, పడుకుని ఉన్న రాతిపొరలు దాదాపు నిలువుగా లేచి నిలబడ్డాయి. సముద్రం వైపు గట్టి సున్నపురాయి గోడ, దాని వెనక మెత్తని మట్టి, ఆ వెనక తెల్లటి సుద్ద కొండ. గోడకు ఎక్కడ కన్నం పడితే అక్కణ్నుంచి సముద్రం లోపలికి దూరి మెత్తని మట్టిని తినేస్తుంది. డర్డిల్ డోర్ అలా మిగిలిన గోడ ముక్క.

ఇదంతా కళ్లకు కట్టినట్టు కనబడాలంటే మైలు దూరంలో ఉన్న లుల్వర్త్ కోవ్‌కి రండి. ఆ మైలు నడవొద్దు, మధ్యలో నిట్టనిలువు కొండ ఉంది. కారెక్కి రండి. పార్కింగ్ నుంచి నీళ్ల దాకా చక్కటి రోడ్డు, మోకాళ్లు ఏమీ అనవు. అక్కడ సముద్రం గోడను బద్దలుకొట్టి, మట్టి అంతా తోడేసి, గుండ్రటి గిన్నెలాంటి చిన్న అఖాతం చేసుకుంది. పక్కనే స్టెయిర్ హోల్ అనే చోట అదే పని ఇంకా మొదట్లో ఉంది: గోడకు కన్నాలు పడ్డాయి, మట్టి ఇప్పుడిప్పుడే జారుతోంది. అక్కడి రాతిపొరలు మడతలు మడతలుగా ముడుచుకుపోయి ఉంటాయి. నన్నడిగితే డర్డిల్ డోర్ కంటే చూడాల్సింది ఆ మడతల్నే. కొండంత రాయి అలా వంగిందంటే నమ్మబుద్ధి కాదు. కానీ ఎక్కువమంది ఐస్‌క్రీమ్ తింటూ దాటిపోతారు.

మీ ఇద్దరికీ నడవాలని ఉంటే ఓల్డ్ హ్యారీ రాక్స్‌కి వెళ్లండి. బోర్న్‌మత్ నుంచి 50 నంబర్ డబుల్ డెక్కర్ బస్సు శాండ్‌బ్యాంక్స్ దగ్గర పంటు ఎక్కి నీళ్లు దాటి స్టడ్‌లండ్ వెళ్తుంది. బస్సు బస్సుగా పడవెక్కడం మీవారికి నచ్చుతుంది, పై అంతస్తులో కూర్చోండి. స్టడ్‌లండ్ నుంచి మైలు పైచిలుకు నడక, పెద్దగా ఎత్తుపల్లాలు లేవు. చివర సముద్రంలో తెల్లటి సుద్ద స్తంభాలు నిలబడి ఉంటాయి. వాటిలో ఓల్డ్ హ్యారీకి ఒక భార్య ఉండేది, 1896లో కూలిపోయింది. ముసలాయన ఒక్కడే మిగిలాడు. అక్కడ కంచె ఉండదు. గడ్డి అంచుదాకా పచ్చగా ఉంటుంది కానీ కింద సుద్ద తొలిచేసి ఉండొచ్చు. సెల్ఫీకని వెనక్కి అడుగు వెయ్యనివ్వకండి మీ అబ్బాయిని.

ప్రశ్న: అక్కా, సౌతాంప్టన్‌లో చదువుతున్నాను. లైమ్ రీజిస్ బీచ్‌లో శిలాజాలు ఊరికే దొరుకుతాయని మా రూమ్మేట్ అంటున్నాడు. నిజమేనా? తీసుకుంటే కేసు పెడతారా? సుత్తి కొనుక్కోవాలా?
– ఒక విద్యార్థి, సొంతూరు ఖమ్మం

జవాబు: నిజమే తమ్ముడూ. కేసు పెట్టరు. సుత్తి డబ్బులతో మంచి బూట్లు కొనుక్కో.

ఎక్స్‌మత్ నుంచి స్టడ్‌లండ్ దాకా 95 మైళ్ల తీరాన్ని జురాసిక్ కోస్ట్ అంటారు. యునెస్కో 2001లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 18 కోట్ల ఏళ్లకు పైబడిన చరిత్ర వరసగా ఆ కొండచరియల్లో కనబడుతుంది. నువ్వు అడిగిన లైమ్ రీజిస్, దాని పక్కనున్న చార్మత్ దగ్గర రాళ్లు దాదాపు 19, 20 కోట్ల ఏళ్లనాటివి. అప్పుడు అక్కడ వెచ్చని సముద్రం ఉండేది. చచ్చి అడుగున పడ్డవన్నీ బురదలో పూడుకుని రాయి అయిపోయాయి. ఇప్పుడు ఆ చరియలు వానకు నాని జారుతుంటాయి, అలలు వచ్చి మట్టిని కడిగేస్తాయి, శిలాజాలు గులకరాళ్లతో కలిసి ఒడ్డున పడతాయి. ఎవరూ ఏరుకోకపోతే అదే సముద్రం వాటిని నూరి పొడి చేసేస్తుంది. అందుకే ఒడ్డున విడిగా పడి ఉన్నవి ఏరుకోవచ్చు. చరియను తవ్వడం, పొడవడం మాత్రం కూడదు. ఏదైనా పెద్ద ఎముకో, అరుదైనదో కనబడితే చార్మత్ హెరిటేజ్ కోస్ట్ సెంటర్‌లో చూపించి నమోదు చేయించాలి. ఆ సెంటర్‌కి ముందే వెళ్లు. ఏం దొరుకుతాయో బల్లల మీద పెట్టి చూపిస్తారు, గైడ్‌తో నడకలు కూడా ఉంటాయి.

లైమ్ కంటే చార్మత్ నీకు నయం. వేసవిలో వద్దు, నవంబర్ నుంచి మార్చి లోపల, తుఫాను వెలిసిన మర్నాడు వెళ్లు. బస్సు టైమ్ కంటే ముందు ఆటుపోట్ల పట్టిక చూసుకో. నీళ్లు వెనక్కి పోతున్నప్పుడు మొదలుపెట్టి, తిరిగి పోటు మొదలయ్యేలోపు వచ్చేయాలి. చార్మత్‌కీ లైమ్‌కీ మధ్య ఒడ్డున నడుస్తూ పోటుకు చిక్కుకుపోయేవాళ్లు ఏటా ఉంటారు: వెనక నిలువు చరియ, ముందు నీళ్లు, ఫోన్‌కి సిగ్నల్ సరిగా ఉండదు. అలాంటిదేమైనా అయితే 999 కొట్టి కోస్ట్‌గార్డ్ కావాలని అడగాలి. చరియ నుంచి జారిన బురద మీద పైపైన ఎండిన పెంకు ఉంటుంది, కాలు వేస్తే తొడదాకా దిగిపోతుంది. చరియ కింద కూర్చుని అన్నం తినకు. 2012 జులైలో ఇదే తీరాన బర్టన్ బ్రాడ్‌స్టాక్ దగ్గర చరియ కూలి ఒక యువతి చనిపోయింది. అది వేసవి, సెలవుల సీజన్.

ఇక వెతకడం. పెద్ద బండల జోలికి పోకు. అలలు చిన్న గులకల్ని, నల్లటి ఇసుకను ఒకచోట పోగు చేస్తాయి. అక్కడ గొంతుకూర్చుని, చూపు ఒక చాప వెడల్పు దాటనివ్వకు. అరగంట సేపు రాళ్లు తప్ప ఏమీ కనబడవు. విసుగొచ్చి కాఫీకి లేచిపోకు. ముందుగా కనబడేది బెలెమ్‌నైట్: నున్నగా, సన్నగా, ఒక కొన మొనదేలిన రాతి పుల్ల. అది స్క్విడ్‌లాంటి జీవి ఒంట్లో ఉండే గట్టి భాగం. తర్వాత అమ్మోనైట్, ఎప్పుడో అంతరించిపోయిన సముద్ర జీవి గుల్ల. వేలిగోరంత ఉంటుంది, చుట్ట చుట్టుకుని, పైరైట్ అనే ఇనుప ఖనిజం వల్ల ఇత్తడి రంగులో మెరుస్తూ, దాని సైజుకు మించిన బరువుతో. అరచేతిలో పెట్టుకుని తిప్పితే చుట్ట మీద గాట్లు వరసగా కనబడతాయి.

మీ అమ్మమ్మగారి పూజగదిలో గండకీ నది సాలగ్రామం ఉంటే, దాని లోపలి చక్రం కూడా ఇలాంటి అమ్మోనైట్ గుల్లే. హిమాలయాల్లోకి ఎత్తబడిన జురాసిక్ సముద్రపు అడుగు నుంచి వచ్చింది అది. ఇంటికి ఫోన్ చేసినప్పుడు చెప్పు, సంతోషిస్తారు. కానీ చార్మత్ పైరైట్ అమ్మోనైట్‌కి అభిషేకాలు చేయించొద్దు. మంచినీళ్లలో నానబెట్టి ఉప్పు వదిలించి, బాగా ఆరబెట్టి, తేమ తగలకుండా డబ్బాలో పెట్టుకో. తడి తగులుతూ ఉంటే కొన్నేళ్లకు బూడిదగా రాలిపోతుంది.

లైమ్ వైపు మన్‌మత్ బీచ్‌లో, నీళ్లు బాగా వెనక్కి పోయినప్పుడు, నేలంతా పెద్ద పెద్ద అమ్మోనైట్లు అచ్చుగుద్దినట్టు ఉన్న సున్నపురాతి చప్టా ఒకటి బయటపడుతుంది. కొన్ని భోజనం పళ్లెం కంటే పెద్దవి. అవి చూడ్డానికే, తీయడానికి కాదు.

లైమ్‌లో మేరీ యానింగ్ విగ్రహం ముందు కాసేపు ఆగు. 1799లో వడ్రంగి ఇంట్లో పుట్టింది. తండ్రి 1810లో అప్పులు మిగిల్చి పోయాడు. శిలాజాలు ఏరి యాత్రికులకు అమ్మి బతికారు. 1811లో అన్నకు ఒక పెద్ద తల దొరికితే, మరుసటి ఏడాది పన్నెండు పదమూడేళ్ల వయసులో ఈ పిల్ల మిగతా ఒళ్లు వెతికి పట్టుకుంది. అది ఇక్థియోసార్, డైనోసార్ల కాలపు సముద్ర సరీసృపం. 1823లో ప్లీసియోసార్ అనే మరో సముద్ర సరీసృపాన్ని మొత్తంగా బయటికి తీసింది. శాస్త్రవేత్తలు వచ్చి కొనుక్కున్నారు, ఆమె దగ్గర నేర్చుకున్నారు, వ్యాసాలు రాసుకున్నారు. లండన్ జియొలాజికల్ సొసైటీలో మాత్రం అప్పట్లో ఆడవాళ్లకు సభ్యత్వం లేదు. 1833లో చరియ విరిగిపడి ఆమె కుక్క ట్రే ఆమె కళ్లముందే చచ్చిపోయింది, ఆమె వెంట్రుకవాసిలో బతికింది. 2022లో పెట్టిన విగ్రహంలో ట్రే కూడా పక్కన నడుస్తూ ఉంటుంది. ఊళ్లో విగ్రహం ఎందుకు లేదని ఒక బడిపిల్ల అడిగితే మొదలైన పని అది. పెద్దవాళ్లకు తట్టడానికి నూట డెబ్భై ఏళ్లు పట్టింది!

ఇంకొకటి. సెలవులకు ఇంటికి వెళ్తే హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అస్థిపంజరం చూడు. అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన మన జురాసిక్ డైనోసార్. చార్మత్‌లో సముద్రం, గోదావరి లోయలో నేల. రెండూ చూసినవాడివి అవుతావు.

ప్రశ్న: ఆంటీ, నేను ఫోర్త్ క్లాస్. తాతయ్య మన ఉడుత వీపు మీద రాముడు గీసిన గీతలు ఉంటాయని చెప్పారు. ఇక్కడ మా పార్కులో ఉడుతలకు గీతలు లేవు. ఎర్ర ఉడుతలకు ఉంటాయా?
– ఒక చిన్నారి, రెడింగ్

జవాబు: ఉండవు నాన్నా. రాముడు ఇటువైపు రాలేదు కదా. కానీ ఎర్ర ఉడుత చెవుల మీద చలికాలంలో పొడుగాటి జుత్తు కుచ్చులు ఉంటాయి, అవి మీ పార్కు ఉడుతకు లేవు. మీ పార్కులోది బూడిదరంగు ఉడుత, అమెరికా నుంచి తెచ్చి వదిలారు. అది వచ్చాక దానివల్ల వచ్చే పాక్స్ రోగంతో, తిండి దొరక్క, ఇంగ్లండ్‌లో ఎర్రవి చాలాచోట్ల పోయాయి. డోర్సెట్‌లో పూల్ హార్బర్ మధ్య బ్రౌన్‌సీ అనే దీవి ఉంది. బూడిద ఉడుత నీళ్లు దాటి అక్కడికి చేరలేదు, అందుకని ఎర్రవి హాయిగా ఉన్నాయి. అమ్మానాన్నల్ని అక్టోబర్‌లో తీసుకెళ్లమను. అవి గింజలు దాచుకునే హడావుడిలో మనల్ని పట్టించుకోవు. చలికాలంలో మామూలు పడవలు తిరగవు. ఇంకో సంగతి: 1907లో స్కౌట్స్ మొదటి క్యాంప్ జరిగింది ఆ దీవిలోనే.

ప్రశ్న: మేడమ్, చెసిల్ బీచ్ చాలా పొడుగని చదివాను. నేను రుషికొండలో రోజూ ఈత కొట్టేవాణ్ని. ఆగస్టులో వస్తున్నాను. అక్కడ ఈదొచ్చా? గుర్తుగా నాలుగు రాళ్లు తెచ్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: రెండింటికీ వద్దనే చెప్తాను.

చెసిల్ ఇసుక బీచ్ కాదు. దాదాపు 29 కిలోమీటర్ల గులకరాళ్ల గట్టు, ఒకవైపు సముద్రం, ఇంకోవైపు ఫ్లీట్ అనే ఉప్పునీటి మడుగు. ఒడ్డు నుంచి నాలుగడుగులు వేస్తే లోతు అమాంతం పడిపోతుంది. అల వెనక్కి పోతూ కాళ్ల కింది రాళ్లను కూడా లాక్కుపోతుంది. మీరెంత ఈతగాడైనా బయటికి రావడానికి పట్టు దొరకదు. రుషికొండ కూడా ప్రాణాలు తీసిన తీరమే, మీకు చెప్పక్కర్లేదు. ఈత కావాలంటే వేమత్ బీచ్‌కో, స్టడ్‌లండ్‌కో వెళ్లండి, రెండూ ఇసుకే.

చెసిల్‌లో చేయాల్సింది రాళ్లు చూడ్డం. పడమర చివర వెస్ట్ బే దగ్గర అవి బఠాణీ గింజంత. తూర్పుకు పోయేకొద్దీ పెరుగుతూ పోర్ట్‌లండ్ చేరేసరికి బంగాళాదుంపంత. సముద్రం వాటిని సైజులవారీగా ఏరి పెట్టింది. రాత్రి పొగమంచులో ఒడ్డుకు చేరిన జాలర్లు రాయి చేత్తో తడిమి ఏ ఊరి దగ్గర ఉన్నారో చెప్పేవారంటారు. మా భీమిలి జాలర్ల గురించి ఇంతకంటే పెద్ద కథలు విన్నాను కాబట్టి నేను నమ్ముతాను. రాళ్లు తీసుకెళ్లడం ఇక్కడ నిషేధం. ఆ గట్టే వెనకాల ఊళ్లకు అడ్డుగోడ, తలా నాలుగు పట్టుకుపోతే ఏమవుతుందో లెక్కేసుకోండి. వేసవిలో లిటిల్ టర్న్ అనే చిన్న పక్షులు ఆ రాళ్ల మధ్యే గుడ్లు పెడతాయి. గుడ్డుకీ రాయికీ తేడా తెలియదు, తాడు కట్టిన చోటికి వెళ్లొద్దు.

ఫ్లీట్ ఒడ్డున అబట్స్‌బరీ ఊళ్లో హంసల కొలువు ఉంది. పదకొండో శతాబ్దంలో అక్కడ మఠం కట్టుకున్న క్రైస్తవ సన్యాసులు విందుల్లో తినడానికి పెంచడం మొదలుపెట్టారు. సన్యాసులు పోయారు, హంసలు ఉన్నాయి. గూళ్ల మధ్యలోంచి దారి వేశారు, మీ కాలికి జానెడు దూరంలో హంస గుడ్లు పొదుగుతూ ఉంటుంది. కానీ పిల్లలు బయటికొచ్చేది మే మధ్య నుంచి జూన్ ఆఖరు దాకా. ఆగస్టు అంటే మీరు కాస్త ఆలస్యం.

ప్రశ్న: మాకు రెండేళ్ల పాప. ఆర్న్ నేచర్ రిజర్వ్ బాగుంటుందని ఆఫీసులో చెప్పారు. అక్కడ పాములు ఉంటాయట! మా ఆవిడకు ఆ మాట విన్నప్పటి నుంచి టెన్షన్. వెళ్లొచ్చా?
– ఒక తండ్రి, మిల్టన్ కీన్స్

జవాబు: ఉంటాయి. బ్రిటన్‌లో సహజంగా ఉండే సరీసృపాలు మొత్తం ఆరే రకాలు, ఆరూ ఆర్న్‌లో ఉన్నాయి. మూడు పాములు, మూడు బల్లులు. మీ ఆవిడకు ఈ ఒక్క ముక్క చదివి వినిపించండి: ఆ మూడింటిలో విషమున్నది యాడర్ ఒక్కటే. మన రక్తపింజర కుటుంబానిదే కానీ దానంత కోపిష్టి కాదు. దాని కాటుకు బ్రిటన్‌లో 1975 తర్వాత ఎవరూ చనిపోలేదు. అడుగుల చప్పుడు తగిలితే తప్పుకుంటుంది. కాటు పడితే మాత్రం కదలకుండా ఉంచి 999కి ఫోన్ చేయాలి, నాటు వైద్యాలు వద్దు.

నేను వెళ్లే పాముల లెక్క ఇలాంటి నేలలోనే. బీడులో అక్కడక్కడా ముడతల ఇనుప రేకులు పరిచి ఉంచుతారు. పొద్దున ఎండకు రేకు వేడెక్కితే కింద ఇవి చేరతాయి. చేతికి తొడుగు వేసుకుని, రేకు అవతలి అంచు పట్టుకుని, మన కాళ్లకీ దానికీ మధ్య రేకు అడ్డం ఉండేలా మెల్లగా ఎత్తాలి. చాలాసార్లు చీమలే. కొన్నిసార్లు స్లో వర్మ్ ఉంటుంది: రాగి రంగులో నున్నగా, చిన్న పాములా. అది పాము కాదు, కాళ్లు లేని బల్లి. మొహం దగ్గరికి వంగి చూస్తే రెప్ప వేస్తుంది. పాముకు రెప్పలు ఉండవు. ఏ రేకు కింద ఏముందో రాసుకుని, రేకు యథాతథంగా దించేస్తాం. మీరు రేకులు కనబడితే ఎత్తకండి. అవి చట్టం రక్షణలో ఉన్న జీవులు, ఆ పని అనుమతి ఉన్నవాళ్లదే. ఏప్రిల్, మే నెలల్లో ఇసుక గట్ల మీద శాండ్ లిజర్డ్ మగది ఎండ కాచుకుంటూ కనబడుతుంది, పక్కలు చిలకపచ్చగా.

ఈ బీడును హీత్ అంటారు. హెదర్ పొదలు, గోర్స్ ముళ్లపొదలు. గోర్స్ పసుపు పూలు వాసన చూడండి, అచ్చం పచ్చికొబ్బరి. ఆగస్టులో హెదర్ పూసి నేలంతా ఊదారంగు. చూస్తే ఎప్పటినుంచో అలాగే ఉన్న అడవి నేల అనిపిస్తుంది కానీ కాదు, వేల ఏళ్ల కిందట మనుషులు చెట్లు నరికి పశువుల్ని మేపితే ఏర్పడింది. మేత ఆగిపోతే మళ్లీ చెట్లు కమ్మేస్తాయి. అందుకని ఇప్పుడు పశువుల్ని మేపుతున్నారు. 2020లో ఈ చుట్టుపక్కల రిజర్వులన్నీ కలిపి 3,300 హెక్టార్లకు పైగా పర్బెక్ హీత్స్ అని ఒకే జాతీయ రిజర్వ్ చేశారు. జంతువుకు మన సరిహద్దులు తెలియవు కాబట్టి ఈ పని ఎప్పుడో చేయాల్సింది. 2022లో పూల్ హార్బర్‌లో ఆస్ప్రే గద్దలు పిల్లల్ని చేశాయి. 2025 మార్చిలో స్టడ్‌లండ్ దగ్గర, చెట్లు కొరికి వాగులకు కట్టలు కట్టే బీవర్లను వదిలారు, ఇంగ్లండ్‌లో లైసెన్సుతో స్వేచ్ఛగా వదలడం అదే మొదలు. శరదృతువులో ఆర్న్ నుంచి చూస్తే తెడ్డుమూతి కొంగలు గుంపుగా దిగి ఉంటాయి. మన పులికాట్, నేలపట్టుల్లో కనబడే తెడ్డుమూతి కొంగదీ ఇదే జాతి.

భయపడాల్సింది పాముకు కాదు, పిడుదుకు. జింకలు తిరిగే చోట గడ్డిలో ఉంటుంది, లైమ్ వ్యాధి దానివల్లే వస్తుంది. పాపకు పొడుగు ప్యాంటు వేసి, సాక్సు దాని మీదికి లాగండి. రాత్రి స్నానం చేయించేటప్పుడు మోకాళ్ల వెనక, చంకల్లో, చెవుల వెనక చూడండి. కనబడితే సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా పైకి లాగాలి. నూనె, అగ్గిపుల్ల వంటివి వద్దు. తర్వాత గుండ్రటి ఎర్ర మచ్చ వస్తే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఇంకో మాట, ఇది మనవాళ్లందరికీ. బీడులో బార్బెక్యూ వద్దు. 2020 మేలో మా వేర్‌హమ్ ఫారెస్ట్ 200 హెక్టార్లకు పైగా తగలబడింది, అక్కడ వాడి పారేసిన బార్బెక్యూ ట్రేలు దొరికాయి. రోజుల తరబడి ఊరంతా పొగ. స్లో వర్మ్ ఎంత పరిగెత్తగలదు?

ప్రశ్న: లండన్ నుంచి మూడు గంటలకు పైగా డ్రైవ్ చేసి టైన్‌హమ్ అనే పాడుబడ్డ ఊరు చూద్దామని వెళ్లాం. గేటు వేసి ఎర్రజెండా ఎగరేశారు. ఎవరూ చెప్పలేదు. ఇదేం పద్ధతి?
– కోపంగా ఉన్న ఒక పాఠకుడు, హ్యారో

జవాబు: పద్ధతి 1943 నుంచీ అదేనండీ. ఆ డిసెంబర్‌లో యుద్ధ శిక్షణ కోసం సైన్యం ఆ ఊరు తీసుకుంది. 225 మంది దాకా ఖాళీ చేశారు. ఊరిని జాగ్రత్తగా చూసుకోండి, మళ్లీ వస్తాం అని చర్చి తలుపుకు కాగితం అంటించి పోయారు. ఎవర్నీ తిరిగి రానివ్వలేదు. ఇప్పటికీ అది ఫైరింగ్ రేంజే. ట్యాంకులు పేల్చే రోజుల్లో ఎర్రజెండా ఎగరేసి దారులు మూసేస్తారు. ఎక్కువ వారాంతాల్లో తెరుస్తారు. ఏ రోజులో ప్రభుత్వం ముందే ప్రకటిస్తుంది, బయల్దేరే ముందు చూసుకోవాలి.

మళ్లీ వెళ్లండి, కోపం పోతుంది. బడిలో పిల్లల పేర్లు కొక్కేల దగ్గర ఇంకా ఉన్నాయి. దారి దాటి కంచె లోపలికి పోకండి, పేలని గుండ్లు ఉంటాయి. ఎనభై ఏళ్లుగా అక్కడ ఎవరూ ఇల్లు కట్టలేదు, ఎరువు చల్లలేదు, పురుగుమందు కొట్టలేదు. సైన్యం వల్ల మనుషులు ఊరు పోగొట్టుకున్నారు, పూలూ సీతాకోకచిలుకలూ బాగుపడ్డాయి. దీన్ని మంచి అనాలో చెడు అనాలో నాకిప్పటికీ తేలలేదు.

ప్రశ్న: లండన్ నుంచి పొద్దున బయల్దేరి రాత్రికి తిరిగొచ్చేలా డర్డిల్ డోర్, లైమ్ రీజిస్, చెసిల్, బ్రౌన్‌సీ నాలుగూ కవర్ చేసే ప్లాన్ ఇవ్వగలరా? తినడానికి పులిహోర తెచ్చుకుంటాం.
– ఐటీ మిత్రబృందం, లండన్

జవాబు: ఇవ్వలేను. ఇస్తే మీరు నాలుగు పార్కింగులు చూసి వెళ్తారు. తూర్పు చివరి బ్రౌన్‌సీకీ పడమటి చివరి లైమ్‌కీ మధ్య మలుపుల రోడ్లే, వేసవిలో ట్రాక్టరు వెనకో కారవాన్ వెనకో పాకాలి.

ఒకటి పట్టుకోండి. వాటర్లూ నుంచి వేమత్ రైలెక్కి వేర్‌హమ్‌లో దిగితే ఆర్న్ దగ్గర, వూల్‌లో దిగితే లుల్వర్త్ దగ్గర, వేమత్ దాకా పోతే చెసిల్ దగ్గర, పూల్‌లో దిగితే బ్రౌన్‌సీ పడవ. స్టేషన్ నుంచి బస్సులు సీజన్‌ని బట్టి మారతాయి, ఆ ఏడాది టైమ్‌టేబుల్ చూసుకోండి. లైమ్ రీజిస్‌కి ఈ లైను కాదు. వాటర్లూ నుంచే ఎక్సెటర్ వెళ్లే రైల్లో యాక్స్‌మిన్‌స్టర్‌లో దిగి బస్సెక్కాలి. దానికి మాత్రం ఒక రాత్రి ఉండేలా రండి. పొద్దున్నే ఆటు ఉన్న రోజు చూసుకోండి.

పులిహోర తేవడం మంచి పని, బీచ్ దగ్గర శాకాహారం అంటే చిప్సే. కానీ వేమత్‌లోనూ లైమ్‌లోనూ సముద్రపు కాకులు దొంగలు. ఎప్పుడూ వెనకనుంచి వస్తాయి. గోడకు వీపు ఆనించి కూర్చోండి, డబ్బా మూత చేతిలోనే ఉంచుకోండి.